బాలింత రాళ్లు

నల్లగుట్టపల్లి,
శింగనమల దగ్గర.
జనవరి నెల.

ఒరే వేణూ,

ఇంగ ఆ చెవిమిషను మాట ఎత్తినావంటే నీ ఉత్తరాలు విప్పకుండానే పొయ్యిలో పెడతా, చెప్తాండా. ప్రతిసారీ అదే పాట. డాక్టరు దగ్గరికి పో, మిషను పెట్టించుకో, ఫోన్లో మాట్లాడు. ఏమప్పా, బోరులారీ మీద అన్నేండ్లు పనిచేసినోనికి చెవులు పోకుండా ఏమి పోతాయి? ఈ సీమలో నీళ్లు లేవని అందరూ నోటితో చెప్తారు. ఊరూరా బొక్క పెట్టి రుజువు చేసినోణ్ణి నేను. దానికి రెండు చెవులు ఇచ్చుకున్యా, అంతే. ఫోన్లో నీ గొంతు ఇంటే మీ గుంతకల్లు గూడ్సుబండి పోయినట్టే ఉంటాది. మాట తెలీదు, పొడుగు మాత్రం తెలుస్తాది. మనకు ఉత్తరమే మేలు.

ఇంట్లో ఓబమ్మ నన్ను పిలవాలంటే గులకరాయి ఇసురుతాది. మొదట్లో పక్కన పడేది. ఇన్నేండ్ల సంసారంలో ఇప్పుడు గురి కుదిరింది. తిరిగి చూస్తే ఎవురి మాటైనా పెదాల మీద పట్టుకుంటా.

సరే, అసలు సంగతికి వస్తా. నీ కూతురు హరితకు మగబిడ్డ పుట్టినాడని చదివి ఓబమ్మకు చెప్తిని. ఎంత గట్టిగా చెప్తానో నాకు తెలీదు గదా, ఊరంతా ఇనింది. ఆంజినమ్మవ్వ కట్టె పొడుచుకుంటా వచ్చేసింది. ఈ ఊర్లో ఏ బాలింతకైనా పొగ సామాను కట్టేది ఆయమ్మే. "శెట్టి కూతురు మనూరి బిడ్డే గదరా, మనం పంపకపోతే ఎవురు పంపుతారు" అనింది. ఆయమ్మ అనిందంటే అయిపోయినట్టే.

ఈ ఉత్తరంతో పాటు గుడ్డమూట పంపిస్తాండా. దాంట్లో నీడన ఆరబెట్టిన వావిలాకు, తుంగముస్తలు, కచ్చూరాలు, రోంత వాము, రోంత మంచి సాంబ్రాణి, సుగంధి వేరు ఉండాయి. అన్నీ దంచి కలిపింది ఆయమ్మే. నిప్పుల మీద చిటికెడు వేస్తే చాలు. బిడ్డను పొగలో పెట్టొద్దండి. ఉయ్యాల గుడ్డలకు పట్టాల, తల్లి తలంటుకున్నాక జుట్టుకు పట్టాల. ఆ వాసనలో బిడ్డ తనంతట తానే నిద్రపోతాడు. నీ అంగట్లో అమ్మే సాంబ్రాణి కప్పులు మాత్రం ముట్టించొద్దు. దాంట్లో రంపంపొట్టు తప్ప ఏమీ లేదని నాకు తెలుసు. నీకు ఇంగా బాగా తెలుసు.

సుగంధి వేరు కాడనే రోంత కష్టమైంది. గుట్ట మీద యాడ చూసినా బాలింత రాళ్లే. ఎవురూ ముట్టని తీగ ఒగటి వెతుక్కునేసరికి పొద్దు గూకింది. ఒగ కొన వేరు ఈ కవర్లో కూడా వేసినా. వాసన చూడు. ఊరు గుర్తుకు రాకపోతే అప్పుడు నువ్వు పో డాక్టరు దగ్గరికి, ముక్కుకు మిషను పెట్టించుకో.

నీ
బాలప్ప


గుంతకల్లు.
ఫిబ్రవరి మొదటి వారం.

ఒరే బాలప్పా,

నీ కవరు అంగట్లోనే విప్పినా. గల్లా కాడ నిలబడుకోని అగరబత్తి కొంటాన్న రైల్వే గార్డు ఒగాయన "శెట్టిగారూ, ఏ అత్తరది, నాకూ ఒగ సీసా ఇయ్యండి" అన్యాడు. అత్తరు కాదు సామీ, ఇది మా ఊరు అన్యా. ఆయనకు అర్థం కాలేదు. ఆయన పోయినాక ఇంగోసారి వాసన చూసినా.

మూట ఇంటికి తీసకపోతే మా ఇంటామె పద్మావతమ్మ పట్టుచీర అందుకున్నట్టు రెండు చేతులతో అందుకునింది. అంతకుముందు వారమంతా మనవడు ఏడుస్తాంటే మేము రైల్వేవాళ్ల మాదిరి షిఫ్టులు వేసుకోని మేలుకున్యాము. ఆ సాయంత్రం ఉయ్యాల గుడ్డలకు పొగ పట్టినాము. వాడు పడుకున్యాడు చూడు, మేమందరం భయపడి ముక్కు కాడ వేలు పెట్టి చూసినాము ఊపిరి ఆడుతాందా లేదా అని. ఇప్పుడు ఇంట్లో యాడ తిరిగినా అదే వాసన. ఆంజినమ్మవ్వ కాళ్లకు నా తరఫున మొక్కు.

మా అల్లుడు హేమంత్ ధర్మవరం నుంచి వచ్చినాడు బిడ్డను చూసేదానికి. వాళ్లది పట్టుచీరల వ్యాపారం గదా. మగ్గాలు ఒగటొగటే నిలిచిపోయినాయి. వేరే ఏదన్నా మొదలుపెట్టాలని తిరుగుతాండాడు. ఇంగా ఏదీ తేలలేదు. వాడు ఆ కొన వేరును చేతిలో పెట్టుకోని శానాసేపు చూసినాడు. ఇది యాడ దొరుకుతాది మామా అని అడిగినాడు.

నువ్వు రాసిన బాలింత రాళ్లు ఏమివప్పా? నేనూ ఆ ఊర్లోనే పుట్టినా, నాకే తెలీదు. మాకు వేరు మూట అయి అంగట్లోకి వచ్చినాకే తెలుసు గదా. రోంత వివరంగా రాయి. అందరికీ చదివి వినిపిస్తా.

నీ
వేణుగోపాల్


నల్లగుట్టపల్లి.
ఫిబ్రవరి.

ఒరే వేణూ,

నీ అల్లునికి రాళ్ల మీద ఇష్టం పుట్టిందంటే మంచిదే. మన జిల్లాలో వేరే ఏది కరువైనా రాళ్లకు కరువు లేదు. వజ్రకరూరు పక్క వాన పడితే జనం చేన్లలో వంగోని వజ్రాలు వెతుకుతారు. మా గుట్ట మీద వజ్రాలు లేవని ముందే చెప్పు వానికి. మల్ల నా మీదికి రావొద్దు.

సుగంధి తీగను మేము పీకం. ఒగ పక్క మట్టి తీసి, పక్కవేర్లు రెండు కోసుకుంటాం. నడిమిది తల్లివేరు, దాన్ని ముట్టం. మట్టి కప్పి, సీసాలో మిగిలిన నీళ్లు పోసి, పైన మూడు రాళ్లు పెడతాం. కింద రెండు, వాటి మీద ఒగటి. అంటే ఏమి? ఈయమ్మ కనింది, బాలింత, గమ్మున పడుకోనియ్యండి అని. తర్వాత వచ్చినోడు ఆ రాళ్లు చూసి ఇంగో తీగ కాడికి పోతాడు. వానకో గాలికో పైరాయి దానంతట అదే పడిపోయిందంటే పురుడు తీరినట్టు. అప్పుడు మళ్లా పోయి అడగొచ్చు. ఇంతే చట్టం. రాసినోడు లేడు, కావలి లేదు.

ఒగసారి జయరాముడు తన గొర్రెను కావాలనే ఆ రాళ్ల మీదికి తోలినాడు. గొర్రె తగిలి పడింది, నా తప్పేముండాది అన్యాడు. ఊర్లో ఆడోళ్లు వాణ్ణి ఏమీ అనలేదు. గొర్రెను పట్టుకోని "ఏమమ్మా మంత్రసానీ, ఎవురికి పురుడు పోస్తివి" అని దినామూ అడిగిరి. వాడు సిగ్గుకు ఆ ఏడంతా గుట్ట ఎక్కలేదు.

ఎండాకాలం వస్తే తీగ ఎండి దారప్పోగు మాదిరి అయిపోతాది. అప్పుడు అది యాడుండాదో మాకే కనపడదు. రాళ్లు చూసుకోవాల్సిందే. రాళ్ల కింద తల్లివేరు నిద్రపోతా ఉంటాది, వానకోసం.

మాకు ఉండేది ఆ గుట్టే వేణూ. చేన్లో శెనక్కాయ వేస్తాం, వేసి ఆకాశాన్ని చూస్తాం, ఆకాశం మమ్మల్ని చూస్తాది, ఎవరూ మాట్లాడుకోరు. ఎండాకాలం ఓబమ్మ శింగనమల బస్టాండులో సుగంధి షర్బత్ పెట్టుకుంటేనే మాకు గడిచేది. ఊర్లో బాలింతల పొగకూ అదే వేరు. అందుకే ఈ రాళ్ల సంగతి బయటోళ్లకు చెప్పేది లేదు. నువ్వు బయటోనివా?

నువ్వు గుట్ట ఎక్కింది ఒగేసారి, ఆరో తరగతిలో, జ్ఞాపకముందా? నీ ఎడమకాలి చెప్పు బండసందులో పడింది. మీ నాయన కొడతాడని నువ్వు ఏడిస్తివి. నా చెప్పు తొడిగి పంపిస్తి. ఒగటి నల్లది, ఒగటి ఎర్రది వేసుకోని నువ్వు అంగట్లోకి పోతే మీ నాయన చూడనే లేదు, త్రాసు చూస్తాండె. నేను ఒంటిచెప్పుతో ఇంటికి పోయి మా నాయనతో తన్నులు తింటి.

శివరాత్రి అయినాక అల్లుణ్ణి పంపు. నువ్వూ రా. చెప్పు పడిన చోటు చూపిస్తా.

నీ
బాలప్ప


గుంతకల్లు.
మార్చి.

బాలప్పా,

ఉత్తరం అందింది. అందరికీ చదివి వినిపిస్తి. గొర్రె కాడ పద్మావతమ్మ కండ్లల్లో నీళ్లొచ్చేట్టు నవ్వింది.

హేమంత్ వచ్చే ఆదివారం వస్తాడు. నాకు వచ్చేదానికి కాదు, అంగడి వదలలేను. పెండ్లిండ్ల కాలం గదా. వానికి గుట్ట అంతా చూపించు. ఏమీ అనుకోవద్దు, వాడు రోంత ఎక్కువ ప్రశ్నలు అడుగుతాడు.

వేణుగోపాల్


నల్లగుట్టపల్లి.
మార్చి చివర.

ఒరే వేణూ,

నీ అల్లుడు వచ్చిపోయినాడు. మంచి పిల్లోడు, మర్యాద ఎక్కువ. నా చెవికాడికి వచ్చి ప్రతి మాటకూ ముందు "సార్" అని అరిచినాడు. పుట్టినాక నన్ను సార్ అనింది వాడే మొదలు. ఎవురినో పిలుస్తాండాడని వెనక్కి తిరిగి చూస్తి. ఓబమ్మ రాగిసంగటి, పచ్చిమిరక్కాయ ఊరిబిండి పెట్టింది. సగం సంగటి తిని, సీసాడు నీళ్లు తాగినాడు పాపం.

గుట్ట ఎక్కినాము. నేను ఒగ తీగ కాడ గీరి వేరు తీసి ఇస్తే చేతిలో పెట్టుకున్యాడు, ముక్కు కాడికి ఎత్తలేదు. ఒగొగ బాలింత రాయి కాడా నిలబడి ఫోను పట్టుకోని, ఏదో నొక్కి, కదలకుండా కాసుకున్యాడు. "ఏమప్పా, ఫోటో ఇంతసేపు పడతాదా" అంటే "లొకేషన్ సార్" అన్యాడు. ఏదో కొత్తరకం ఫోటో అనుకుంటి. సాయంత్రం దాకా రాయిరాయికీ అట్లే చేసినాడు. నాకు మోకాళ్లు పోయినాయి.

వాడు పోయినాక ఓబమ్మ అనింది, "ఆ పిల్లోడు ఒగ వేరన్నా వాసన చూడలేదు, రాళ్లు ఎంచుకుంటాండాడు" అని. "శెట్టోళ్లింటి అల్లుడు, ఏదో ఒగటి ఎంచకపోతే జ్వరమొస్తాది" అన్యా. ఆమె నవ్వలేదు. గులకరాయీ ఇసరలేదు. అప్పుడు నాకు రోంత భయమైంది.

అందుకే నేరుగా అడుగుతాండా. వాడు ఏమన్నా మనసులో పెట్టుకున్యాడా? ఉంటే చెప్పు. వ్యాపారమే అయితే ఊరోళ్లను పిలుస్తా, కూర్చోని మాట్లాడుకుందాం. ఎంత తీయొచ్చో, ఎప్పుడు తీయొచ్చో ఆంజినమ్మవ్వే చెప్తాది. ఏమీ లేదంటే లేదని రాయి. నాకు నీ మాట చాలు. ఓబమ్మకు చూపించి, ఆమెను మూడు దినాలు ఎగతాళి చేయాల నేను.

నీ
బాలప్ప


గుంతకల్లు.
ఏప్రిల్.

శ్రీ బాలప్ప గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. ఆలస్యానికి క్షమించాలి. అంగడి పనుల ఒత్తిడి ఎక్కువగా ఉంది.

మీరు అనుకుంటున్నట్టు ఏమీ లేదు. హేమంత్ కేవలం తెలుసుకోవాలనే ఆసక్తితోనే వచ్చాడు. మీ ఆతిథ్యానికి ధన్యవాదాలు తెలపమన్నాడు. బాబు క్షేమం.

ఈ పార్శిలులో మీకు చెవిమిషను పంపుతున్నాను. మంచి రకం. కాదనకుండా తీసుకోవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు
వేణుగోపాల్


నల్లగుట్టపల్లి.
మే నెల.

వేణూ,

"గారు" అని రాసినావు. మన ఇద్దరి నడుమ గారు ఎవరప్పా, ఆయన యాడ కూర్చోవాల? ఓబమ్మ చదివి "ఆయప్ప ఏదో దాస్తాండాడు" అనింది. "వయసయింది, మర్యాద వచ్చింది" అని నేనే సర్దిచెప్తి. నీ మాట చూపించి మూడు దినాలు ఎగతాళి కూడా చేసినా.

మిషను శానా దినాలు డబ్బాలోనే ఉండె. నిన్న పొద్దున తీసి పెట్టుకుంటి. బాగా పనిచేస్తాది. మొదట కాకి ఇనపడింది. తర్వాత ఓబమ్మ గొంతు ఇనపడింది. నేను ఇనక ఎన్నేండ్లాయెనో, ఆ గొంతు ముసలిదైపోయింది వేణూ, నాకు చెప్పనే లేదు ఆమె. దాన్ని తలుచుకుంటా అరుగు మీద కూర్చోని ఉంటే గుట్ట పక్కనుంచి టంగు టంగుమని ఇనపడింది. అన్నేండ్లు రాళ్లలో బతికినోణ్ణి, రాతికి గడ్డపార తగిలితే ఆ సప్పుడు నాకు తెలీదా?

ఎక్కితి. మనుషులు, గోనెసంచులు, కింద వ్యాను. వాళ్లు యాడా వెతకడం లేదు. రాళ్ల కాడినుంచి రాళ్ల కాడికి పోతాండారు. కాలితో మూడు రాళ్లనూ తంతారు, గడ్డపార దింపుతారు, తల్లివేరుతో సహా ఎత్తి సంచిలో వేస్తారు. మట్టి కూడా కప్పలేదు. పక్కకు తీసిన మట్టే, కాలితో తోస్తే సరిపోయేది.

"ఎవురప్పా పంపినారు" అంటి. వాళ్ల మేస్త్రీ ఫోను తీసి చూపించినాడు. గుట్ట బొమ్మ, దాని మీద ఎర్రచుక్కలు. ఒగొగ చుక్క ఒగొగ బాలింత. "గుంతకల్లు వేణుగోపాల్ శెట్టిగారి అల్లుడు" అన్యాడు. "ఎండాకాలం తీగ దారప్పోగు మాదిరి అయిపోతాదంట, రాళ్లు చూసుకోని తవ్వమని శెట్టిగారే చెప్పినారు" అన్యాడు.

దారప్పోగు మాదిరి. అది నా మాట వేణూ. నేను నీకు రాసిన మాట. అక్షరం మారకుండా ఆ గడ్డపార పట్టుకున్నోని నోట్లో ఉండె.

ఇన్నేండ్లు మేము ఆ రాళ్లు పెట్టింది ముట్టుకోవద్దని చెప్పేదానికి. యాడ తవ్వాల్నో మేమే గుర్తు పెట్టి ఇచ్చినట్టాయె.

మేము అరిచినాము, ఆడోళ్లంతా వచ్చిరి, వ్యానుకు అడ్డం నిలబడితిమి. అంతకుముందు ఎన్ని వ్యాన్లు పోయినాయో. రెండు దినాలుగా తవ్వుతాండారంట. నాకు ఇనపడదు గదా.

ఆంజినమ్మవ్వ ఒగ గుంత కాడ కూర్చోని మట్టి తీసి ముక్కు కాడ పెట్టుకునింది. "ఇంగా వాసన ఉండాది రా" అనింది. ఆయమ్మను ఇంటికి తీసకపోయేదానికి ఎవురికీ కాలేదు.

ఒగటే అడుగుతాండా. మార్చిలో నేను అడిగినప్పుడు నీకు తెలుసా?

మిషను తిప్పి పంపిస్తాండా. దాంతో నేను ఇనాల్సింది అయిపోయింది.

బాలప్ప


గుంతకల్లు.
జూన్.

ఒరే బాలప్పా,

రాసి చింపుతాండా, రాసి చింపుతాండా. ఇది కూడా చింపకముందే పోస్టు డబ్బాలో వేస్తా.

తెలుసు. నువ్వు అడిగినప్పుడు నాకు తెలుసు. బాలింత రాళ్ల గురించి నువ్వు రాసిన ఉత్తరం వచ్చినప్పటికే హేమంత్ షర్బత్ సీసాల వ్యాపారం మాట్లాడుకున్యాడు. నీ ఉత్తరం నేనే చదివి వినిపిస్తి. గొర్రె కాడ మేమంతా నవ్వితిమి. వాడు నవ్వలేదు. ఎండాకాలం సంగతి మళ్లా చదవమన్యాడు. నేను మళ్లా చదివితి. మేస్త్రీకి ఫోన్లో చెప్పింది కూడా నేనే, ఆ రాళ్ల సంగతి సరిగా చెప్పను రాక హేమంత్ నాకు ఇచ్చినాడు ఫోను.

ధర్మవరంలో వాళ్ల ఇల్లు పోయేట్టు ఉండె. హరిత నాతో ఏమీ అనలేదు, వచ్చినప్పుడల్లా ఒగొగ నగ లేకుండా వస్తాండె. రోంత తీసుకుంటాడులే, మళ్లా మొలుస్తాదిలే అనుకుంటి. "ఆ గుట్ట ఎవురిదీ కాదు గదా మామా" అన్యాడు. అవును అన్యా. ఊర్లో పుట్టినోణ్ణి నేను, అవును అన్యా.

నీకు గారు అని ఎందుకు రాసినానంటే, ఒరే అని మొదలుపెట్టి అబద్ధం రాసేదానికి చెయ్యి రాలేదు.

నన్ను తిట్టు. ఒగటి మాత్రం అడగాల. అడిగే మొగం లేదు, అయినా అడుగుతాండా. వానలు పడినాక బిడ్డకు జలుబు చేసింది. డాక్టరు మందు ఇచ్చినాడు, తగ్గింది, కానీ నిద్ర లేదు వానికి. హరిత "బాలప్ప మామను పొగమూట అడుగు నాయనా" అంటాంది. దానికి ఈ సంగతి ఏదీ తెలీదు.

నీ
వేణు


నల్లగుట్టపల్లి.
ఆగస్టు.

వేణూ,

మూట పంపిస్తాండా. ఆంజినమ్మవ్వే కట్టింది. నేను నీ ఉత్తరం చదివి వినిపిస్తే ఆయమ్మ నిన్ను తిడతాదని కాసుకోనుంటి. తిట్టలేదు. నీ పేరే ఎత్తలేదు. "బిడ్డ ఏమి చేసింది" అనింది, రోలు ముందుకు లాక్కునింది. వావిలాకు ఉండాది, ముస్తలు ఉండాయి, కచ్చూరాలు, వాము, సాంబ్రాణి ఉండాయి. సుగంధి లేదు. హరిత అడిగితే ఎందుకు లేదో నువ్వే చెప్పు. ఆ పని నాకు పెట్టొద్దు.

మొన్న జయరాముని కూతురు నందినికి ఆడబిడ్డ పుట్టింది. ఆ మూటలో కూడా లేదు. వాళ్లమ్మ మూట విప్పి, వాసన చూసి, మళ్లా చూసి, ఏదో మర్చిపోయినారని మా ఇంటికి తీసకొచ్చింది. మర్చిపోలేదమ్మా, ఇంతే అన్యా. ఈ ఊర్లో ఆ వాసన లేకుండా పురుడు జరగడం ఎవురికీ జ్ఞాపకం లేదు. బిడ్డ మాత్రం బాగుండాది. బాగా ఏడుస్తాదంట. నా అదృష్టం నాకు ఇనపడదు.

ఓబమ్మ బస్టాండులో కొట్టు ఎత్తేసింది. ఎత్తేసే దినమే ఒగ పిల్లోడు బైకు మీద అట్టపెట్టె పెట్టుకోని వచ్చినాడు, సీసాలు అమ్మేదానికి. సుగంధి షర్బత్. సీసా మీద బొమ్మ ఏమో తెలుసా? కింద రెండు రాళ్లు, పైన ఒగటి. నీకు తెలిసే ఉంటాదిలే. ఓబమ్మ మూత తీసి వాసన చూసింది. ఆ పిల్లోనితో ఏమో అనింది. ఏమనిందో నాకు ఇనపడలేదు గానీ వాడు దుడ్లు అడక్కుండా ఆ సీసా ఆడనే పెట్టి బైకు ఎక్కినాడు. దాన్ని ఆమె పారబోయలేదు. ఇంట్లో అటక మీద పెట్టింది. మన గుట్టదే గదా, పారబోస్తే ఎట్ల అంటాది.

గుంతలన్నీ పూడ్చినాము. తర్వాత ఆంజినమ్మవ్వ ఒగ మాట చెప్పింది. ఊర్లో ఆడోళ్లు, మగోళ్లు, గొర్రెలు కాసేటోళ్లు అందరం ఎక్కి, యాడ చోటు కనపడితే ఆడ మూడేసి రాళ్లు పెట్టినాము. తీగ ఉండే చోట, లేని చోట, బండ మీద, పుట్ట పక్కన, తుమ్మచెట్టు మొదట్లో. గుట్ట నిండా బాలింత రాళ్లే ఇప్పుడు. ఇంగ నీ అల్లుని ఫోనుకు ఎన్ని చుక్కలు పెట్టుకుంటాదో పెట్టుకోమను. జయరాముడైతే తన గొర్రె కట్టేసే గుంజ కాడ కూడా మూడు రాళ్లు పెట్టినాడు.

నవ్వుకుంటానే దిగినాము. దిగి వెనక్కి తిరిగి గుట్టను చూస్తే ఆ నవ్వు పోయింది. ఎందుకంటే ఇప్పుడు మాకూ తెలీదు గదా, ఏది నిజమైన బాలింతో. మా నాయన పెట్టిన రాయి, వాళ్ల నాయన పెట్టిన రాయి, మొన్న మేము ఉత్తుత్తికి పెట్టిన రాయి, అన్నీ ఒగే మాదిరి ఉండాయి. "గుట్ట మొత్తం బాలింతే అనుకోండి, ఎవురూ ఏమీ అడగొద్దండి" అనింది ఆంజినమ్మవ్వ. ఎన్నేండ్లు అంటే చెప్పలేదు. ఆయమ్మ వయసుకు అది చూసేది లేదని ఆయమ్మకూ తెలుసు.

నన్ను తిట్టు అని రాసినావు. కోపం వస్తే బాగుండు వేణూ. రెండు తిట్లు రాసి, స్టాంపు అంటించి, పని అయిపోయిందని సంగటి తిందును. తవ్వినోళ్ల మీద వచ్చింది, పోయింది. నీ అల్లుని మీద కూడా వచ్చింది, వానికి ఇల్లు పోతాందని చదివినాక సగమైంది. నీ మీద మాత్రం రావడం లేదు. ఈ కాగితం ముందర పెట్టుకోని, ఇది ఎవరెవరికి చదివి వినిపిస్తావో అని ఆలోచిస్తాండా. ఏ మాట రాయొచ్చు, ఏ మాట రాయకూడదు అని. ఇన్నేండ్లలో నీకు రాసేటప్పుడు ఒగసారి కూడా ఆ ఆలోచన రాలేదు. గుట్ట ఎప్పుడో ఒగప్పుడు మొలుస్తాది. ఇది మొలుస్తాదో లేదో నాకు తెలీదు.

ఇంగా ఒగ సంగతి ఉండాది. రాయకూడదనే కూర్చున్యా. కానీ ఈ చేతికి ఉండే అలవాటు ఒగటే, మంచైనా చెడైనా నీకు రాసేది. మొన్న వాన నిలిచినాక ఒగణ్ణే గుట్ట ఎక్కితి. దిగేటప్పుడు వాసన తగిలింది. నిలబడిపోతి. చెవులు పోయినాయి గానీ ముక్కు పోలేదు గదా. వంగి చూస్తే సన్న మొలక వేణూ, ఆకు నడుమ తెల్లచార కూడా వచ్చింది. ఎర్రచుక్కకు చిక్కనిది, మేము ఎప్పుడూ రాయి పెట్టనిది. దాని మీద నేను రాళ్లు పెట్టలేదు. ఓబమ్మకు చెప్పలేదు, ఆంజినమ్మవ్వకూ చెప్పలేదు. దినామూ పోయి చూసి వస్తాండా, ఎవురూ చూడకుండా. చెప్పుకునేదానికి మనిషి లేడు. అది యాడుండాదంటే, ఆరో తరగతిలో నువ్వు ఏడ్చుకుంటా

ఉండప్పా, రాయి పడింది. కాగితం మీదనే పడింది. ఓబమ్మ వాకిట్లో నిలబడుకోని పిలుస్తాంది, చేతిలో ఇంగో రాయి ఉండాది, నేను పోయి